గోడ మీద గుండీ

జూన్ 3, సోమవారం

ఈ ఏడాది సేవా దినం నా నెత్తిన పడింది. ఇన్నాళ్ళూ ఆ పని చూసినాయన రిటైరయ్యాడు. పోతూ పోతూ ఫైలు నా బల్ల మీద పెట్టి, "మీ హస్తవాసి మంచిదమ్మా" అని నవ్వుకుంటూ వెళ్ళాడు. ఆ నవ్వుకి అర్థం ఫైలు తెరిచాక తెలిసింది. ఏటా ఒకటే తంతు. ఒక శనివారం, ఒక బస్సు, నలభై మంది ఉద్యోగులు, నలభై టీషర్టులు, మొక్కలు, గ్రూపు ఫోటో.

మధ్యాహ్నం ఆఫీసు కారు తీసుకుని నిరుడు మొక్కలు నాటిన చోటికి వెళ్ళాను. మొక్కలు లేవు. గుంటలు మాత్రం చక్కగా ఉన్నాయి. అక్కడి తోటమాలి, "గుంటలు పూడ్చం మేడమ్. మళ్ళీ ఎవరో ఒకరు వస్తారు కదా" అన్నాడు. ఆయన ఎగతాళి చెయ్యడం లేదు, ఉన్నమాట చెబుతున్నాడు.

ఒక నియమం పెట్టుకున్నాను. నా కళ్ళతో చూడని చోటికి ఒక్క మనిషిని కూడా పంపను. మాట తప్పకుండా ఉండడానికి ఇక్కడ రాసి పెడుతున్నాను.

జూన్ 4, మంగళవారం

అక్క ఇవాళ నడక నేర్పే కేంద్రం నుంచి ఎగురుకుంటూ వచ్చింది. అంటే, టాక్సీ దిగి రైలింగు పట్టుకునే వచ్చింది గానీ ముఖం మాత్రం ఎగురుతోంది. అక్కడి నడవా మొత్తం ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచిందట. చూపు పోయి ఏడాది కావస్తోంది. ఒంటరిగా నడవడం ఇదే మొదటిసారి.

"మా గోడ సంగతి నీకు చెప్పానా?" అంది.

"చెప్పావు" అన్నాను. చెప్పలేదు. నేను ఫోన్ చూసుకుంటున్నాను.

అయినా చెప్పింది. బడిలో లెక్కలు చెప్పిన గొంతు, మధ్యలో ఆపడం ఎవరి తరమూ కాదు. ఆ నడవాలో ఎవరు ఎక్కడ తట్టుకుని తూలితే అక్కడ గోడకి, చేతికందే ఎత్తులో, తమ దగ్గరున్నది ఏదో ఒకటి కొడతారట. సీసా మూత తగిలితే ఎడమ పక్క తలుపు. పాత తాళంచెవి తగిలితే గుమ్మం ఎత్తుగా ఉంటుంది. చెంచా తగిలితే మంచినీళ్ళు. ఏళ్ళ తరబడి వచ్చినవాళ్ళంతా అలా కొట్టుకుంటూ పోయారు. కొత్తగా వచ్చినవాళ్ళు గోడని తడుముకుంటూ వాటిని చదువుకుంటారు. చివర కింద వంటగదికి దిగే మెట్లున్నాయి. అక్క మొన్న అక్కడే పడబోయింది. తన చలికోటు గుండీ పీకి, కన్నాల్లోంచి మేకులు దిగ్గొట్టించిందట.

"నాలుగు కన్నాలది, పెద్దది. అది తగిలితే ఆగాలి. ఇప్పుడు ఆ గోడలో నేనూ ఉన్నానే" అంది.

ఆగస్టులోగా తనంతట తాను బడికి వచ్చి పోగలిగితే క్లాసులు మళ్ళీ తనకే ఇస్తామని వాళ్ళ హెడ్మిస్ట్రెస్ మాటిచ్చింది. అక్క బతుకంతా ఇప్పుడు ఆ మాట మీదే నడుస్తోంది.

జూన్ 7, శుక్రవారం

ఆఫీసులో ఇద్దరిని వెంటబెట్టుకుని వృద్ధాశ్రమం చూసొచ్చాను. శనివారం అనగానే వార్డెన్ ముఖం మాడ్చుకుంది. ప్రతి శనివారం ఎవరో ఒకరు వచ్చి పాటలు పాడించి, చప్పట్లు కొట్టించి పోతున్నారట. మంచం మీదున్న ఒక పెద్దాయన, "మీరెంతమంది?" అని అడిగాడు.

"నలభై మందిమి."

"అమ్మో" అని దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు.

కొట్టేశాను. కుక్కల ఆశ్రయం కూడా జాబితాలోంచి కొట్టేశాను. వాళ్ళకి కావలసింది రోజూ వచ్చే ఇద్దరు, ఒక్కరోజు వచ్చే నలభై మంది కాదు. పైగా నలభై మందిని చూస్తే ఆ కుక్కలకి గొంతు పోతుంది.

ఈ పని నాకు నచ్చుతోంది. పైకి చెప్పను గానీ.

జూన్ 11, మంగళవారం

మీటింగు. పెద్ద మేడమ్, అకౌంట్స్ ఆవిడ, నేను, టీషర్టు. టీషర్టు అంటే మా ప్రచార విభాగం ఆయన. ఆ పేరు నేను మనసులో పెట్టుకున్నది. ఎక్కడికెళ్ళినా ముందు టీషర్టు రంగు తేల్చాలంటాడు.

"ఫోటోలో తేడా తెలియాలి మేడమ్. ముందు ఎలా ఉంది, తరవాత ఎలా ఉంది. నేనొక చోటు చూశాను" అని తెర మీద బొమ్మ వేశాడు.

అక్క వెళ్ళే కేంద్రం. ఆ గేటు ముందు నేను ఎన్నిసార్లు టాక్సీ ఆపించానో.

"చూపు కోల్పోయినవాళ్ళకి నడక, వంట అవీ నేర్పుతారు. లోపల గోడలు ఘోరంగా ఉన్నాయట. రంగులేసి మంచి బొమ్మలు గీద్దాం."

"కళ్ళు కనపడనివాళ్ళకి బొమ్మలెందుకండీ?" అంది అకౌంట్స్ ఆవిడ.

"వచ్చే పోయేవాళ్ళకి కళగా ఉంటుంది కదా!"

పెద్ద మేడమ్ బాగుందంది. నేను నోరు తెరవాల్సింది అప్పుడే. "వెళ్ళి చూసి చెప్తాను" అని మాత్రం అన్నాను.

అక్క సంగతి ఆఫీసులో ఎవరికీ తెలీదు. మొదట్లో చెప్పే సందర్భం రాలేదు. తరవాత, ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదంటారని చెప్పలేదు. ఆ మధ్య రిసెప్షన్‌లో అమ్మాయి భర్తకి జబ్బు చేస్తే ఆఫీసు ఆఫీసంతా ఆ పిల్లతో గొంతు తగ్గించి మాట్లాడింది. లిఫ్టులో కూడా. నాకు అది వద్దు. అయినా అక్కకి కూడా నలుగురికీ తెలియడం ఇష్టం ఉండదు.

అక్కని ఎప్పుడూ అడగలేదనుకో.

జూన్ 13, గురువారం

కేంద్రానికి వెళ్ళడం కుదరలేదు. పని.

జూన్ 14, శుక్రవారం

వాన.

జూన్ 17, సోమవారం

నిజానికి, మనవాళ్ళున్న చోటుని మనమే వెళ్ళి చూసి సరేననడం పద్ధతి కాదు. రేపెవరైనా పక్షపాతం అంటే? దూరంగా ఉండడమే మర్యాద. అందుకని అక్కడి మేనేజరుకి ఫోన్ చేశాను. కొత్తగా వచ్చాడు, కూర్చునేది వేరే భవనంలో. గోడల విషయంలో జాగ్రత్తలేమైనా ఉన్నాయా అని అడిగాను. "పాత గోడలేగా మేడమ్, మీ ఇష్టం" అన్నాడు.

'స్థలం పరిశీలించారా' అన్న గడిలో టిక్కు పెట్టాను. మేనేజరుతో మాట్లాడితే చూసినట్టే లెక్క.

సాయంత్రం కూరగాయలు తరుగుతూ అక్క అంది: "మా ట్రైనరు ఒకటే మొత్తుకుంటుందే. వచ్చేవాళ్ళంతా బిస్కెట్లు తెస్తారు, ఫ్యాన్లు ఇస్తారు. ఆవిడకి కావలసింది వారానికి ఒక గంట పక్కన నడిచే మనిషి. చెయ్యి పట్టుకుని లాగకుండా, పడితే కంగారు పడకుండా, ఊరికే పక్కన నడిచే మనిషి. అలా ఒక్కడూ రాడట."

వారానికో గంట. మా దగ్గరున్నది ఒక్క శనివారం. ఎలా సరిపోతుంది? కుదరదు.

జూన్ 20, గురువారం

అక్కే ఎత్తింది. "శనివారం మాకు సెలవు. ఎవరో వచ్చి రంగులేస్తారట. మంచిదే, ఆ సున్నం రాలి చేతులన్నీ తెల్లగా అవుతున్నాయి. ట్రైనరు కూడా లేదు, ఊరెళ్ళింది, మంగళవారానికి గానీ రాదు."

"ఊఁ" అన్నాను.

గుండీ గుర్తొచ్చింది. రంగేగా వేసేది. మూత మీదా పడుతుంది, గుండీ మీదా పడుతుంది. ఎత్తుగా ఉన్నది ఎత్తుగానే ఉంటుంది. అనవసరంగా కంగారు పడడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

జూన్ 22, శనివారం

ఒంట్లో బాగాలేదని బస్సెక్కలేదు. ఒళ్ళు వెచ్చగా ఉంది. థర్మామీటరులో కనపడలేదు గానీ ఉంది. అక్క నుదుటి మీద చెయ్యి వేసి, "నీకంటే నా చెయ్యే వేడిగా ఉంది" అంది. కాఫీ మాత్రం తనే కలిపి ఇచ్చింది, ఒక్క చుక్క ఒలకకుండా.

పొద్దుటి నుంచీ ఫోటోలు వస్తూనే ఉన్నాయి. నడవా పొడుగునా పొద్దుతిరుగుడు పూలు, ఇంద్రధనుస్సు, సీతాకోకచిలకలు. గోడ నున్నగా మెరిసిపోతోంది.

అకౌంట్స్ ఆవిడ ఫోన్ చేసింది. మనిషి ఉత్సాహం పట్టలేకుండా ఉంది. "ఎంత చెత్త కొట్టారండీ ఆ గోడకి! మూతలు, తాళంచెవులు, చెంచాలు, ఏవేవో. అన్నీ పీకేశాం. కన్నాలకి లప్పం పెట్టి, బరకకాగితం పట్టి, అప్పుడు రంగేశాం. గోడ అద్దంలా వచ్చిందనుకోండి!"

"పీకినవి ఏం చేశారు?"

"బకెట్ నిండా అయ్యాయి. చెత్తబండి వస్తే ఇచ్చేశాం."

పక్కన సోఫాలో అక్క, "ఎవరే?" అంది.

"ఆఫీసు" అన్నాను.

జూన్ 23, ఆదివారం

భోజనాల దగ్గర చెబుదామనుకున్నాను. అక్క చాలా సంతోషంగా ఉంది. ఎవరో ఒకరు చెబుతారులే అక్కడ. అది వాళ్ళ పని.

జూన్ 24, సోమవారం

అక్క పడింది.

మెట్ల మీద నుంచి కిందిదాకా. మోకాలు చెక్కుకుపోయింది, ఎడమ మణికట్టు బెణికింది. ఎముక విరగలేదన్నాడు డాక్టరు. కట్టు కట్టించి ఇంటికి తీసుకొచ్చాను. ఇంట్లోకి వచ్చి కుర్చీలో కూర్చున్నాక అక్క, ఎవరితోనో అన్నట్టు అంది.

"గోడ ఉందే. కానీ గోడలో ఏమీ లేదు. నున్నగా ఉంది. ఇంకా ముందుకెళ్తే తగులుతుంది, ఇంకా ముందుకెళ్తే తగులుతుంది అనుకుంటూ పోయాను."

నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి నిలబడ్డాను. గిన్నెలేమీ లేవు కడగడానికి.

జూన్ 25, మంగళవారం

పెద్ద మేడమ్ అందరికీ మెయిలు పంపింది. ఇంత మంచి సేవా దినం ఎప్పుడూ జరగలేదట. చోటు ఎంపిక చేసిన నాకు ప్రత్యేక అభినందనలు. టీషర్టు వచ్చి నా వాటా చొక్కా, రేకు బ్యాడ్జీ ఒకటి ఇచ్చి వెళ్ళాడు. బ్యాడ్జీ మీద 'నేను సేవ చేశాను' అని ఉబ్బెత్తు అక్షరాలు.

నేను రాలేదు కదా, నాకెందుకు అంటే, "మొత్తం మీరు చేసిందే కదండీ" అన్నాడు.

జూన్ 26, బుధవారం

అక్క ఇక కేంద్రానికి వెళ్ళనంటోంది. ట్రైనరు రెండుసార్లు ఫోన్ చేసింది, తియ్యలేదు. సాయంత్రం నన్ను పిలిచి, హెడ్మిస్ట్రెస్‌కి మెయిలు టైపు చెయ్యమంది.

"నేను తిరిగి రాలేను, నా క్లాసులు వేరేవారికి ఇవ్వగలరు. అంతే. నమస్కారాలు పెట్టు."

"ఇంకో నాలుగు రోజులు చూడొచ్చు కదక్కా."

"ఏం చూడను?" అంది. అంత మెల్లగా అక్క మాట్లాడడం నాకు అలవాటు లేదు.

టైపు చేశాను. పంపలేదు. నెట్ సరిగా లేదు.

జూన్ 27, గురువారం

"వెళ్ళిందా?"

"వెళ్తుంది" అన్నాను.

నెట్ బాగానే ఉంది.

జూన్ 29, శనివారం

ఒంటి చేత్తోనే ఉతికిన బట్టలు మడతలు పెట్టింది అక్క. నేను ఊరుకోమన్నా వినలేదు. అన్నీ మడిచాక ఒకదాన్ని మాత్రం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆఫీసు టీషర్టు. వాషింగ్ మెషీన్‌లో దాన్ని వేసింది నేనే. ఎందుకు వేశానో నాకే తెలియదు, ఒక్కసారి కూడా తొడగలేదు దాన్ని.

"ఈ అచ్చు చేతికి తెలుస్తోంది. గుండ్రంగా ఉంది, మధ్యలో ఆకు" అంది. "నేను పడ్డప్పుడు వంటగది ఆవిడ వచ్చి లేపింది. ఆవిడ చొక్కా మీదా ఇదే. ఎవరో ఊరికే ఇచ్చారంది."

అప్పటికే మడిచిన బట్టల్ని నేను మళ్ళీ మడిచాను.

"రంగులేసింది మీవాళ్ళేనా?"

"మావాళ్ళే."

"మా చోటు ఎంచింది నువ్వేనా?"

"నేను కాదు. కానీ సరేనంది నేనే."

"అన్ని చోట్లకీ వెళ్ళి చూసొచ్చావు. ముసలాయన దుప్పటి కప్పుకున్నాడని చెప్పి నన్ను నవ్వించావు. మా దగ్గరికి రాలేదేం?"

పని, వాన, పక్షపాతం, అన్నీ నోటిదాకా వచ్చాయి. ఒక్కటీ బయటికి రాలేదు. "నువ్వు ఎదురుపడి నన్ను పిలుస్తావని" అన్నాను. "నా పక్కన ఆఫీసువాళ్ళుంటారు కదా."

అక్క ఆ అచ్చు చుట్టూ ఒకసారి వేలు తిప్పింది.

"నన్ను చూసి సిగ్గా?"

"నిన్ను చూసి కాదక్కా. వాళ్ళు నన్ను జాలిగా చూస్తారని."

"బాగుందే. కళ్ళు పోయింది నాకు, జాలి నీకా?"

ఏడ్చాను. చిన్నప్పుడు ఏడ్చినట్టు, ముక్కు చీదుకుంటూ. అక్క ఓదార్చలేదు. టీషర్టు విసిరి నా మీద పడేసి, "ముక్కు తుడుచుకో, గుడ్డ మంచిదే" అంది. లేచి తన గదిలోకి వెళ్ళిపోయింది. తలుపు వేసుకుంది.

జూలై 1, సోమవారం

మీటింగులో చెప్పేశాను. అక్క గురించి, గోడ గురించి, గుండీ గురించి, నేను వెళ్ళకుండా పెట్టిన టిక్కు గురించి. అనుకున్నట్టే అందరి గొంతులూ తగ్గాయి. పెద్ద మేడమ్ నా చేతి మీద చెయ్యి వేసింది. దేనికి ఇన్నాళ్ళు భయపడ్డానో అది అక్షరాలా జరిగింది, జరిగాక చూస్తే అందులో ఏమీ లేదు. కాసేపు చిరాకేసింది, అంతే.

అకౌంట్స్ ఆవిడ మాత్రం తెల్లబోయింది. "ఆ గుండీ నేనే పీకానండీ. ఎంతకీ రాలేదు, స్క్రూడ్రైవరు పెట్టి పీకాను. ఇంత గట్టిగా ఎవరు కొట్టారో అని తిట్టుకున్నాను కూడా."

"మళ్ళీ ఒక శనివారం అందరం వెళ్ళి మేకులు కొడదాం" అన్నాడు టీషర్టు. మంచి మనసుతోనే అన్నాడు.

"ఎక్కడ కొడతాం? మనం ఎక్కడా తట్టుకోలేదుగా" అన్నాను.

ట్రైనరు మాట చెప్పాను. వారానికి ఒక గంట, పక్కన నడిచే మనిషి.

"దాన్ని రిపోర్టులో ఎలా చూపిస్తాం?" అంది పెద్ద మేడమ్.

"చూపించలేం మేడమ్."

కాసేపు పెన్ను తిప్పింది. సరే, ఇష్టమున్నవాళ్ళు ఆఫీసు టైములోనే వెళ్ళండి అంది. ఇంత పెద్ద ఆఫీసులో నలుగురు ముందుకొచ్చారు. మొదటి పేరు అకౌంట్స్ ఆవిడది. టీషర్టు పేరివ్వలేదు. సాయంత్రం నా బల్ల మీద ఒక సుత్తి, ఒక మేకుల పొట్లం ఉన్నాయి. ఆయనే పెట్టాడని ఎవరో చెప్పారు.

జూలై 3, బుధవారం

జరిగిందంతా అక్కకి చెప్పాను. విన్నది. అన్నం తిన్నాక, "మెయిలు వెళ్ళిందా?" అంది.

"వెళ్తుంది."

జూలై 5, శుక్రవారం

అక్క ఒక షరతు పెట్టింది. "రేపు ట్రైనరు తలుపు తీయిస్తుందట, మాట్లాడాను. నువ్వు కళ్ళకి గంతలు కట్టుకుని ఆ నడవా నడువు. ఆ తరవాత నా సంగతి చూద్దాం."

సరేనన్నాను.

జూలై 6, శనివారం

ఆ నడవాలోకి అడుగు పెట్టడం ఇదే మొదటిసారి. పూలు బాగా గీశారు. అది కూడా రాయాలి కదా, నిజంగానే బాగున్నాయి.

ట్రైనరు కూడా చూపులేనామె. సన్నగా, నిటారుగా ఉంటుంది, మాట సూదిలా గుచ్చుతుంది. "చెల్లెలుగారా? లెక్కల్లో మీకెప్పుడూ అత్తెసరు మార్కులేనని మీ అక్కగారు చెప్పారు" అని నా కళ్ళకి గుడ్డ కట్టింది. అక్క నా ఎడమ పక్కన, ట్రైనరు వెనక నడిచారు. చెయ్యి పట్టుకోలేదు.

కుడిచెయ్యి గోడ మీద పెట్టి నడిచాను. నున్నటి గోడ. చల్లగా ఉంది. ఎంతదూరం వచ్చానో తెలియదు, ఎంత మిగిలిందో తెలియదు. తగలాల్సింది ఏదీ తగలడం లేదు. అక్క ఇలాగే పోయింది, ఇంకా ముందుకెళ్తే తగులుతుంది అనుకుంటూ. ఆ మాట అనుకుంటూండగానే కాలు గాల్లో పడింది.

ట్రైనరు నా చొక్కా కాలరు పట్టుకుని వెనక్కి లాగింది. నా నోటి నుంచి వచ్చింది ఒక్క మాటే, "అక్కా!"

"ఇక్కడేనే" అంది అక్క. "నేనూ ఇక్కడే పడ్డాను. నీ దగ్గర ఏముంది?"

గంతలు విప్పబోతే ఊరుకోలేదు. సంచీ తడిమాను. టీషర్టు ఇచ్చిన సుత్తి, మేకులు అందులోనే ఉన్నాయి. ఇంకేముంది కొట్టడానికి? అడుగున చల్లగా ఒకటి తగిలింది. బ్యాడ్జీ.

కళ్ళు మూసుకుని మేకు కొట్టడం అంత తేలిక కాదు. రెండుసార్లు బొటనవేలు మీదే పడింది. కొట్టాక గుడ్డ విప్పి చూస్తే, పొద్దుతిరుగుడు పువ్వు నడిబొడ్డులో వంకరగా దిగి ఉంది.

అక్క దాన్ని వేళ్ళతో తడిమింది. "ఏమిటే ఇది? ఏదో రాసుంది."

"నేను సేవ చేశాను అని."

మొదట ట్రైనరు నవ్వింది. తరవాత అక్క నవ్వింది. పడ్డాక అక్క నవ్వడం ఇదే మొదలు.

"ఉండనీ. మంచి గుర్తే. ఇది చేతికి తగిలిందంటే ముందు గొయ్యి ఉందని అందరికీ తెలుస్తుంది" అంది.

అక్కని నడవా మొదటికి పంపి మేమిద్దరం మెట్ల దగ్గర నిలబడ్డాం. నోరు తెరవొద్దని ట్రైనరు నాకు ముందే చెప్పింది. అక్క కుడిచేత్తో గోడని రాసుకుంటూ వచ్చింది, కట్టు కట్టిన చెయ్యి గుండెలకి ఆనించుకుని. మధ్యలో రెండుసార్లు ఆగింది. నా పక్కనుంచే పోయింది. వేళ్ళు బ్యాడ్జీకి తగిలాయి. ఆగింది. కాలితో మెట్టు అంచు వెతుక్కుని, ఒక్కొక్కటే దిగింది.

కిందికెళ్ళాక నన్ను పిలిచింది.

"ఆ మెయిలు తీసెయ్యవే."

"పంపలేదక్కా."

"తెలుసు. తీసెయ్."